దుంబిలాయికి కాపలా

మాటకి కాపలా కాసే ఉద్యోగం ఒకటుంటుందంటే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. పిల్లనిచ్చినప్పుడు నేను రిజిస్ట్రేషన్ల శాఖలో ఉన్నాననుకున్నారట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా "ఇంతకీ మీ ఆయన ఏం చేస్తాడే?" అని మా ఆవిణ్ణి చాటుగా అడుగుతూనే ఉంటారు. ఆవిడ మాత్రం ఏం చెబుతుంది పాపం, "ఏదో మాటలాఫీసులే అమ్మా" అని తేల్చేస్తుంది.

మాది అరుదైన మాండలిక పదాల సంరక్షణ సంస్థ. ముందు భవనం కట్టారు. తర్వాత సిబ్బందిని వేశారు. ఆ తర్వాత సంరక్షించడానికి పదాలేమైనా ఉన్నాయేమోనని వెతకడం మొదలుపెట్టారు. మా డైరెక్టరు డాక్టర్ విశ్వంభరం గారు మహా పండితులు. కాఫీ చల్లారిందని చెప్పాలన్నా "పానీయము తన ఉష్ణగుణమును పరిత్యజించినది" అంటారు. అది అర్థమై బంట్రోతు కదిలేసరికి ఆ కాఫీ ఇంకాస్త చల్లారుతుంది.

సంస్థ పెట్టి చాలా కాలమైనా ఒక్క పదం దొరకలేదు. పై నుంచి ఒత్తిడి మొదలైంది. పదం దొరికితే గాని తిరిగి రావద్దని నన్ను కోస్తా వెంబడి తోలారు. అలా తిరుగుతూ తిరుగుతూ ఉత్తరాన దిబ్బలపేట అనే మత్స్యకారుల పల్లెలో తేలాను.

నేను వెళ్లేసరికి ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. ఆ వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేస్తారు. దాని రెండు కొసల తాళ్లూ ఒడ్డు మీద ఉంటాయి. పేటంతా ఆడామగా రెండు గుంపులై ఆ తాళ్లు లాగుతారు. అల ఒడ్డుకి వస్తున్నంతసేపూ లాగాలి. అది వెనక్కి పోతున్నప్పుడు మాత్రం ఠక్కున వదులివ్వాలి. ఇవ్వకపోతే వల చిరుగుతుంది, వల గట్టిదైతే అరచేతులు చిరుగుతాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఉత్సాహం ఆపుకోలేక నేనూ ఒక తాడు పట్టుకున్నాను. నా వెనకాల ఉన్న పెద్దమనిషి ఒక్కసారిగా "దుంబిలాయ్" అని కేక పెట్టాడు. అందరూ వదిలారు, నేను వదల్లేదు. మోకాలి లోతు నీళ్లలోంచి నన్ను కాలర్ పట్టుకుని లేవదీశారు.

అరచేతులు భగ్గుమంటున్నాయి గానీ నా ఆనందానికి మేర లేదు. పదం దొరికింది.

కేక పెట్టినాయన పేరు సూరాడ బండెయ్య. ఆ పేటలో వలకి పెద్ద. ఆయన పక్కనే కూర్చుని జేబులోంచి కలం తీశాను.

"దుంబిలాయి అంటే ఏమిటండీ?"

"దుంబిలాయంటే ఏటుంది బాబూ. దుంబిలాయే."

"అదే, అర్థం?"

"అర్దం నాకేల తెలుస్తాది? నానంతాను, ఆళ్లు ఇడిసిపెడతారు. అంతే మరి."

"వదలండి అనొచ్చుగా?"

"అనొచ్చు. ఎవులింతారు?" అని నవ్వాడు బండెయ్య. "ఒడ్డు మీద నిల్సున్న పెతీవోడూ సలహా సెప్పీవోడే. సేపలు కొనడానికొచ్చినోడు లాగమంతాడు, తాగినోడు ఇడమంతాడు. అయ్యన్నీ ఇనుకుంటా కూసుంటే వల మిగుల్తాదేటి? అందుకని మా సేతులకి ఒక్క మాటే ఇనబడతాది. అదీ తాడు మీద సెయ్యున్నోడు అన్నప్పుడే. గట్టున నిల్సున్నోడు గవినరైనా సరే, అనకూడదు. అన్నా మావు కదలం."

ఈలోగా ఆయన భార్య కాసులమ్మ నా చేతులకి కొబ్బరినూనె రాస్తూ, "ఇంట్లో కూడా అంతాం బాబూ" అంది. "ఈ ముసిలోడికీ నాకూ మాటా మాటా పెరిగిపోనాదనుకో, ఎవులో ఒకలం దుంబిలాయంతాం. ఆ పూటకి ఇంకెవులూ లాగం."

"మరి అక్కడ తాడేదీ?"

"సంసారం మరి తాడు కాదేటి?" అంది కాసులమ్మ. "మీకింకా పెల్లి గాలేదేటి బాబూ?"

అయిందని చెప్పి, అంతా రాసుకుని, బస్సెక్కాను.

మా ఆఫీసులో పండగ వాతావరణం నెలకొంది. వెంటనే ముగ్గురు పండితులతో వ్యుత్పత్తి నిర్ణాయక సదస్సు ఏర్పాటయింది. మొదటాయన ఇది సంస్కృతమన్నారు. దుందుభి, లయ కలిసి జనం నోట నలిగి ఇలా తయారైందట. పూర్వం ఇక్కడ రాజుగారి నౌకాదళం భేరీ లయకి తాళ్లు లాగేదట. ఏ రాజని నేను అడగబోతే డైరెక్టరుగారు కళ్లతోనే కూర్చోబెట్టారు. రెండో ఆయన ఇది అచ్చమైన దేశ్యపదమనీ, సంస్కృతమన్నవాడు తెలుగు ద్రోహి అనీ బల్ల గుద్దారు. మూడో ఆయన ఇద్దర్నీ చూసి జాలిగా నవ్వి, ఇది డచ్చి నావికులు వదిలిపెట్టి పోయిన మాట అన్నారు. వాళ్లు పోతూ పోతూ ఇదొక్కటే ఎందుకు వదిలేశారంటే, బరువు తగ్గించుకోవడానికని చెప్పారు.

సాయంత్రం దాకా ఒకర్నొకరు దులుపుకున్నారు. చివరికి ముగ్గురూ ఒక్క విషయంలో ఏకీభవించారు. మూలం ఏదైనా సరే, దిబ్బలపేట వాళ్లు మాత్రం దాన్ని తప్పుగా పలుకుతున్నారు.

అప్పుడు లేచారు విశ్వంభరం గారు.

"మహాశయులారా, సమస్య యొక్క మూలము వాడుక యందే గలదు. వాడిన కొద్దీ వస్తువు అరుగును, పదమును అంతియే. పురావస్తు ప్రదర్శనశాల యందలి పళ్లెరమున మనము భోజనము చేయుదుమా? చేయము. కావున వ్యుత్పత్తి నిర్ధారణ అగువరకు సదరు పదమును వాడుక నుండి కాపాడవలెను."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. చేతులు ఇంకా మండుతున్నాయి కాబట్టి మెల్లగా కొట్టాను.

మర్నాటికల్లా నియమావళి తయారు. దుంబిలాయి సంరక్షిత పదం. ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ దాన్ని ఉచ్చరించరాదు. స్థానిక వక్తలు, అంటే తమవాళ్లేనని పేట ధ్రువీకరించినవాళ్లు అనుమతి లేకుండా పలికితే, పలికినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టు జప్తు అవుతుంది. స్థానికేతరులు పలికితే పదం కలుషితమైనట్టు లెక్క. దానికి శిక్ష ఉద్యోగం నుంచి తొలగింపు. ఇక్కడ "ఎంతటివారైననూ" అన్న మాటని డైరెక్టరుగారు స్వహస్తాలతో చేర్చారు. చట్టం ముందు అందరూ సమానమని చాటడం ఆయనకి సరదా.

ఆ పదానికి సంరక్షణాధికారిగా నన్నే వేశారు. దిబ్బలపేట ఒడ్డున ఒక పాక, ఒక కుర్చీ, ఒక పెద్ద బోర్డు ఇచ్చారు. ఆ బోర్డు మీద "ఇచ్చట ... అను పదమును పలుకరాదు" అని ఉంటుంది. పదం రాస్తే చదివేవాళ్లు పలుకుతారు గనక ఆ చోట చుక్కలు పెట్టారు. దారిన పోయే వాళ్లంతా ఏ మాట పలకకూడదని నన్నడిగేవారు. చెప్పడానికి నాకూ అనుమతి లేదు.

బండెయ్య అనుమతి కోసం వచ్చాడు. ఎన్నింటికి పలుకుతావో వారం ముందు రాసివ్వాలని చెప్పాను.

"అల ఎప్పుడు ఎనక్కెల్తాదో వారం ముందు నాకేటి తెలుస్తాది బాబూ?"

"అది మా శాఖ పరిధి కాదు."

"మరి ఎవులి పరిద్ది?"

దీనికి జవాబు కోసం పై ఆఫీసుకి రాశాను. ఇప్పటికీ రాలేదు.

మొట్టమొదటి కేసు కాసులమ్మది. అట్లు పోస్తూ మొగుడితో గొడవపడి ఆ మాట అనేసింది. చేతిలో పనిముట్టు అట్లకాడ. నిబంధన ప్రకారం అది జప్తు చేసి ఆఫీసుకి పంపాను. అక్కడ దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి "పదోచ్చారణ సంబంధిత పరికరము" అని చీటీ అంటించారట. కాసులమ్మ నాకు కొబ్బరినూనె రాసిన మనిషి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం పక్కింటి అట్లకాడ తెచ్చుకుని, నాకూ రెండు అట్లు పంపింది. అది మరీ కష్టంగా అనిపించింది.

అసలు ఇబ్బంది వల దగ్గర వచ్చింది. మాట లేకుండా లాగడం కుదరదని పేటంతా మొత్తుకుంటే సంస్థ దయతలచి ఒక తాత్కాలిక పర్యాయపదం మంజూరు చేసింది. "రజ్జు శైథిల్యము పాటింపుడు." దాన్ని నేనే పేటవాళ్లకి నేర్పాలి. బండెయ్య మంచివాడు, వారం రోజులు కష్టపడి నోరు తిప్పుకున్నాడు. ఆ తర్వాత చిన్న వలతో ఒక లాగుడు లాగారు. అల వెనక్కి తిరిగింది. "రజ్జు శై" దగ్గరికి వచ్చేసరికి అల వెళ్లిపోయింది, దాంతోపాటు వల సగమూ వెళ్లిపోయింది.

మిగిలిన సగం చేత్తో పట్టుకుని బండెయ్య నా పాక ముందు నిలబడ్డాడు. కోప్పడి ఉంటే బాగుండేది, కోప్పడలేదు.

"బాబూ, ఇది సిన్న వల. పోనాది, పోన్లెండి. పెద్దవల ఉంది. సీజను లేనన్నాల్లూ పేటంతా కూకుని అల్లినాం దాన్ని. కానాగంత సేపలొచ్చీ రోజులియ్యి. అదీ పోతే మాకింకేటీ నేదు."

ఆ మర్నాడు పెద్దవల వేశారు. అల తిరగ్గానే బండెయ్య నా వైపు కూడా చూడకుండా అసలు మాటే అరిచాడు. వల నిండా చేపలొచ్చాయి. నాకు సంతోషం వేసింది. సంతోషం వేసిందని రాయడానికి నివేదికలో గడి లేదు గనక, జరిగింది జరిగినట్టు రాశాను. తంతి కొట్టినంత వేగంగా జవాబొచ్చింది. ఈసారికి మందలింపు. ఇంకొక్కసారి ఆ మాట వినబడితే పెద్దవల జప్తు.

అంటే, మాట అన్నారా, వల మా ఆఫీసుకి పోతుంది. అనకపోతే సముద్రానికి పోతుంది. ఆ కాగితం చదివి వినిపిస్తే బండెయ్య "అలగా" అని మాత్రం అని, ఒడ్డున పడవ పక్కన చతికిలబడ్డాడు. ఆ వారమంతా పెద్దవల ఒడ్డు దాటలేదు. సముద్రంలో కానాగంతలు మిలమిల్లాడుతూ వెళ్లిపోతున్నాయి. పేటలో గంజి పల్చబడింది.

సరిగ్గా అప్పుడే మా సంస్థకి పద మహోత్సవం జరపాలని బుద్ధి పుట్టింది.

ఒడ్డున షామియానా వేశారు. పై నుంచి సంస్థ చైర్మన్ గారు వచ్చారు. ముగ్గురు పండితులూ ఒకరికొకరు దూరంగా కూర్చున్నారు. కార్యక్రమం ఇదీ: ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత సన్మానాలు, చివర్న బండెయ్య వేదికనెక్కి మైకులో ఒక్కసారి ఆ పదం పలుకుతాడు. అనుమతి ఆ ఒక్కసారికే. మధ్యలో చైర్మన్ గారి వినోదం కోసం వల లాగుడు ఉంటుంది, కానీ అందులో మాట ఉండదు.

"మాట నేకుండా పెద్దవల ఎయ్యను బాబూ" అన్నాడు బండెయ్య.

"వేయనిచో సహకార నిరాకరణముగా పరిగణించి వలను స్వాధీనము చేసుకొందుము" అన్నారు విశ్వంభరం గారు.

బండెయ్య నా వైపు చూశాడు. నేను బోర్డు మీది చుక్కలు చూశాను. వల వేశారు.

తాళ్లు బిగిశాయి. గుంపులు లాగుతున్నాయి. ఫొటోలు తీసేవాళ్లు వచ్చేసరికి విశ్వంభరం గారికి ఒక ఆలోచన వచ్చింది. సన్మానపు శాలువా భుజాన ఉండగానే నీళ్లలోకి దిగి, అందరికంటే ముందు, సముద్రం వైపు కొసన తాడు పట్టుకుని కెమెరా వైపు నవ్వారు. వెనకాల పేటంతా ఉంది. చివర్న బండెయ్య తాడుని నడుముకి చుట్టుకుని కాళ్లు ఇసకలో దింపాడు.

వలలో ఏదో బరువుగా కదిలింది. కాసులమ్మ "కానాగంతలు" అంది, గొంతులో ఏడుపుతో. అందరికీ తెలుసు అది ఎంత పెద్ద గుంపో. అంతలో పెద్ద అల ఒకటి వచ్చింది. ఒడ్డుకి కొట్టి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగింది.

తాడు కర్రలా బిగుసుకుంది. బండెయ్య పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. మాట రాకపోతే ఎవరూ వదలరు కదా, ఎవరూ వదల్లేదు. ముందున్న విశ్వంభరం గారి అరచేతుల్లోంచి తాడు కోసుకుంటూ పోసాగింది. వదిలేద్దామంటే ఆయన వేలి ఉంగరం తాడు పీచులో ఇరుక్కుంది. కాళ్ల కింద ఇసక జారిపోతోంది.

"ఆగుడు," అన్నారు. ఎవరూ ఆగలేదు. "వదలండి," అన్నారు, మొట్టమొదటిసారి నాకు అర్థమయ్యే తెలుగులో. ఎవరూ కదల్లేదు. "రజ్జు శైథిల్యము," అని మొదలుపెట్టారు గానీ నోట్లోకి ఉప్పునీళ్లు వెళ్లాయి. ఒడ్డున నేను నిలబడి ఉన్నాను. నా గొంతులో ఆ మాట సిద్ధంగా ఉంది. కానీ నా చెయ్యి తాడు మీద లేదు, నేనన్నా వాళ్లు కదలరు. నా జన్మలో ఎప్పుడూ అంత దిక్కుమాలినవాణ్ణని అనిపించలేదు.

అప్పుడు విశ్వంభరం గారు ఆకాశం బద్దలయ్యేలా అరిచారు.

"దుంబిలాయ్!"

పేటంతా ఒక్క చెయ్యిలా వదులిచ్చింది. తాడు మెత్తబడింది. డైరెక్టరుగారు ఇసకలో కూర్చుండిపోయారు. తర్వాతి అల వచ్చింది, అందరూ లాగారు, ఆయన కూడా లాగారు, ఎందుకంటే ఉంగరం ఇంకా అక్కడే ఉంది. వల చెక్కు చెదరకుండా ఒడ్డుకి చేరింది. వెండి రంగు చేపలు ఇసకంతా పరుచుకున్నాయి. కాసులమ్మ ఏడుస్తూ నవ్వింది. చైర్మన్ గారు ఇది కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

సాయంత్రం నా పాకలో నేనూ విశ్వంభరం గారూ మాత్రమే మిగిలాం. ఆయన చేతులకి కాసులమ్మ కొబ్బరినూనె రాసి వెళ్లింది.

"సార్," అన్నాను, "స్థానికేతరులు సంరక్షిత పదం పలికిన ఘటన ఒకటి నివేదించాల్సి ఉంది."

"ఎంతటివారైననూ అని ఉన్నదా?" అన్నారు.

"మీరే చేర్చారండి."

"స్థానిక వక్త అయినచో?"

"అప్పుడు మీ చేతిలో ఉన్న పనిముట్టు జప్తు. అంటే వల. కానీ స్థానిక వక్తేనని పేటవాళ్లు ధ్రువీకరించాలి. ముందు వలని వదిలేస్తూ మీరు సంతకం పెట్టందే వాళ్లు ధ్రువీకరించరనుకుంటాను."

అరగంటలో సంతకమైంది. నేను కాగితం పట్టుకుని బండెయ్య ఇంటికి వెళ్లాను. ఆయన విషయం మొత్తం విని, చుట్ట వెలిగించి, తాపీగా అన్నాడు.

"ఏలిముద్ర ఏస్తాం బాబూ, దానికేటి. తాడు మీద సెయ్యుండగా సరైన అలకి సరైన మాటన్నాడు. మావోడు కాదని ఎవులంతారు? గానీ ఒకటి. మావోడైతే మావోడిలాగే ఉండాల. మా పేటలో సేతులున్నోడు గట్టున నిల్సోడు. ఆదివారం ఆదివారం వొచ్చి వల లాగమనండి."

ఈ షరతు చెబితే విశ్వంభరం గారు నూనె పూసిన అరచేతులు చూసుకున్నారు. ఒకవైపు ఉద్యోగం పోవడం, ఇంకోవైపు తాడు లాగడం. చివరికి ఆయన తాడునే ఎంచుకున్నారు.

మొదటి ఆదివారం రానే వచ్చింది. తాడు పట్టుకోబోతూ ఆయన హఠాత్తుగా ఆగి, బండెయ్యతో "ఇవాళ ఆ మాట అంటావు కదా?" అన్నారు.

"అనుమతి నేదు గదా బాబూ."

విశ్వంభరం గారు అక్కడే, పడవ అంచు మీద కాగితం పెట్టి, పేటవాళ్లు ఎప్పుడైనా ఆ మాట అనొచ్చని ఉత్తర్వు రాసి సంతకం చేశారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక్క సంస్కృత సమాసం లేకుండా రాసిన ఉత్తర్వు అదొక్కటే. నేను బోర్డు పీకి పొయ్యిలోకిచ్చాను. కాసులమ్మ అట్లకాడ మాత్రం తిరిగి రాలేదు, అది మా సంస్థకి శాశ్వత ఆస్తి అయిపోయిందట.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆయన వస్తారు. చేతులు కాయలు కాశాయి. మాట వినబడగానే ఠక్కున వదలడం వచ్చింది గానీ, "ఇంకా రవ్వంత లేటే మావోడు" అని కాసులమ్మ అంటూనే ఉంటుంది.

పోయిన నెల పై నుంచి తనిఖీ సంఘం వచ్చింది. ఇంత ఖర్చయింది, ఆ పదం ఎక్కడ పుట్టిందో, దాని అర్థమేమిటో తేల్చారా లేదా అని గట్టు మీద నిలబడి గట్టిగా అడిగారు. మోకాలి లోతు నీళ్లలో, లుంగీ ఎగ్గట్టుకుని ఉన్న విశ్వంభరం గారు వెనక్కి తిరక్కుండా, సముద్రం వైపే చూస్తూ చెప్పారు.

"ముందు తాడట్టుకోండి బాబూ."